పెద్దవాళ్ళతో పారిస్ వస్తున్నారా, ముందు మెట్ల సంగతి చూస్కోండి

కొత్తగా జర్మనీకో నెదర్లాండ్స్‌కో వచ్చిన మనవాళ్ళు, ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే ముందు అడిగేది పారిస్ గురించే. పన్నెండేళ్ళుగా ఇక్కడే, పారిస్‌లోనే ఉంటున్నా కాబట్టి చెప్తున్నా, ఈఫిల్ టవర్ టికెట్ల కన్నా ముందు పెద్దవాళ్ళ మోకాళ్ళ గురించి ఆలోచించండి.

ఇక్కడి మెట్రో 1900 నాటిది, 14వ లైన్‌లో తప్ప చాలా స్టేషన్లలో లిఫ్ట్ ఉండదు, ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారాలంటే ఎక్కడం దిగడం నడవడం, అది తెగేది కాదు. మా అత్తయ్యని మొదటిరోజు మెట్రోలోనే తిప్పాం, సాయంత్రానికి కాళ్ళు వాచిపోయి "రేపు మీరెళ్ళి రండమ్మా, నేను రూములోనే ఉంటా" అన్నారు, అంతదూరం నుంచి వచ్చిన మనిషి అలా అంటే ఎంత బాధేసిందో. మర్నాటి నుంచి బస్సే. 69 నంబరు బస్సు ఈఫిల్ టవర్ దగ్గర ఎక్కితే ఓర్సే మ్యూజియం, లూవ్ర్ మ్యూజియం, బాస్టీల్ కూడలి మీదుగా పోతుంది, కిటికీ పక్క సీటు దొరికితే సగం ఊరు కూర్చునే చూసేయొచ్చు. 2025 జనవరి నుంచి బస్సు టికెట్ వేరు, మెట్రో టికెట్ వేరు, ఒకటి ఇంకోదాంట్లో చెల్లదు. టికెట్లు లోడ్ చేసుకునే నవిగో ఈజీ కార్డు కూడా మనిషికొకటి తీసుకోవాల్సిందే, ఒకే కార్డు అందరికీ గీకితే చెకింగ్‌లో ఫైన్ పడుద్ది.

లూవ్ర్‌కి మంగళవారం సెలవు, ఓర్సేకి సోమవారం. నోత్ర్‌దామ్ చర్చి 2024 డిసెంబర్‌లో మళ్ళీ తెరిచారు, లోపలికి ఫ్రీనే. ఈఫిల్ పైకి ఎక్కలేకపోతే ఏం పర్లేదు, చీకటి పడ్డాక నది అవతల టవర్‌కి ఎదురుగా ఉండే ట్రొకడేరో వైపు నిలబడండి, గంటగంటకీ ఐదు నిమిషాలు టవరంతా మెరుస్తుంది, మా మావయ్యగారికి అన్నిటికన్నా అదే నచ్చింది.

దొంగల విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మెట్రో తలుపులు మూసుకునే టైంలో గుంపుగా తోసుకొస్తారు, మా నాన్న పర్సు అలాగే పోయింది. సాక్రెకర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కడతామంటారు, మన పెద్దవాళ్ళు అది గుడి దగ్గర కట్టే దారం అనుకుని చెయ్యి చాపేస్తారు, తర్వాత డబ్బులిచ్చేదాకా వదలరు. ముందే చెప్పి ఉంచండి. పాస్‌పోర్టులు బ్యాగు వెనక జేబులో పెట్టనివ్వొద్దు.

షాపులో ఏదడిగినా ముందు బోంజూర్ (అంటే నమస్కారం) అనండి, అది లేకుండా మొదలెడితే ఇక్కడ మర్యాద తప్పినట్టే. హోటల్లో కరాఫ్ దో అంటే కుళాయి నీళ్ళు ఫ్రీగా ఇస్తారు, బాటిల్ కొనక్కర్లేదు. రోడ్ల మీద బూడిదరంగు టాయిలెట్ గదులు కూడా ఫ్రీయే, షుగర్ ఉన్నవాళ్ళతో వస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

రెండో రోజుకల్లా బ్రెడ్ మొహం మొత్తుద్ది, అప్పుడు లా షపెల్ అనే ఏరియా వైపు తీసుకెళ్ళండి. శ్రీలంక తమిళుల కొట్లు అక్కడ వరసగా ఉంటాయి, దోశ, ఇడ్లీ, కరివేపాకు అన్నీ దొరుకుతాయి, కొంచెం నడిస్తే వినాయకుడి గుడి కూడా ఉంది. మా అత్తయ్య మొదటిసారి కడుపునిండా తిన్నది అక్కడే.