పాత కారుకి కాయిలోవర్లు అవసరమా?

రోజూ రోడ్డు మీద తిరిగే పాత కారును అప్పుడప్పుడు ట్రాక్‌కి తీసుకెళ్తున్నాను, కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే యూనిట్‌గా ఉండి, ఎత్తు మార్చుకోగలిగే సస్పెన్షన్ కిట్) వేయించాలా అని అడిగారు కదండీ. ముందు సస్పెన్షన్‌లోని బుష్‌లు (రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు (చక్రాన్ని తిరగనిచ్చే కీళ్లు), టాప్ మౌంట్లు (సస్పెన్షన్‌ను పైన బాడీకి పట్టి ఉంచే భాగాలు) చెక్ చేయించండి. అవి అరిగిపోయి ఉంటే ఎంత ఖరీదైన కిట్ వేసినా స్టీరింగ్ కుదురుగా ఉండదు.

నేనైతే చవక కాయిలోవర్ల జోలికి పోను. మంచి డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), వాటికి సరిపడే కాస్త గట్టి స్ప్రింగులు చాలు. నీరసించిన పాత డ్యాంపర్ల మీద గట్టి స్ప్రింగులు మాత్రం వేయకండి, గతుకు దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది.

ఎత్తు 25 మిల్లీమీటర్లకు మించి తగ్గించొద్దు. మెక్‌ఫెర్సన్ స్ట్రట్ (డ్యాంపర్, స్ప్రింగు ఉన్న స్తంభమే చక్రాన్ని పట్టి ఉంచే రకం సస్పెన్షన్) కారైతే రోల్ సెంటర్ (మలుపులో కారు బాడీ ఏ బిందువు చుట్టూ పక్కకి ఒరుగుతుందో అది) బాగా కిందకి జారిపోయి కారు ఇంకా ఒరుగుతుంది, గట్టి స్ప్రింగుల లాభం చాలావరకు అక్కడే పోతుంది. పైగా మలుపులో సస్పెన్షన్ బంప్ స్టాప్‌కి (దాని కదలిక చివర అడ్డుగా ఉండే రబ్బరు ముక్కకి) తగిలిందంటే టైరు పట్టు ఒక్కసారిగా తప్పొచ్చు. ఇది నిజంగా ప్రమాదం. అంతా బిగించాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) తప్పనిసరి.