మొదటి బాల్ జాయింటెడ్ బొమ్మకి (కీళ్ల దగ్గర గుండ్రటి బంతులు ఉండి, లోపలి ఎలాస్టిక్‌తో చేతులు, కాళ్లు కదిలే బొమ్మ) ప్లాన్ ఎలా వేసుకోవాలి?

మట్టి ముట్టుకునే ముందు బొమ్మ అసలు సైజులోనే, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు డ్రాయింగ్‌లు గీయండి. మోకాలు, నడుము, భుజం రెండింట్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. మొదటిసారికి 40–45 సెం.మీ. ఎత్తు మంచిది. మరీ చిన్నదైతే కీళ్ల అంచులు పల్చబడి విరిగిపోతాయి.

అసలు కష్టమంతా కీళ్లదే. ప్రతి కీలు దగ్గర వృత్తం గీసి, దాని కేంద్రం కాలు లేదా చేయి మధ్యగీత మీద పడేలా చూడండి. లోపల ఎలాస్టిక్ వెళ్లే దారి, మోకాలు మడిచినప్పుడు ఆ ఎలాస్టిక్ జరగడానికి కావలసిన సన్నని గాడి కూడా ఇప్పుడే గీయాలి. తర్వాత చెక్కుదాంలే అనుకుంటే మట్టి గోడ పగులుతుంది, ఎన్నాళ్ల శ్రమో పోతుంది.

గాలికి ఆరే మట్టి ఆరాక కుంచించుకుపోతుంది. మీరు కొన్న మట్టితోనే 10 సెం.మీ. పట్టీ చేసి, పూర్తిగా ఆరనిచ్చి కొలవండి. 9.5 వస్తే డ్రాయింగ్‌ని 105 శాతానికి పెంచి ప్రింట్ తీసుకోండి. ఈ పరీక్ష మాత్రం దయచేసి మానొద్దు.

లోపల బోలుగా రావడానికి థర్మోకోల్ అచ్చు చేసి, దాని మీద మట్టి పూస్తే చాలు. మట్టి ఆరాక కోసి, అచ్చు తీసేసి, మళ్లీ అతికించవచ్చు. తలకి మాత్రం వెనక మూత వదలండి, కళ్లు అక్కడి నుంచే పెట్టాలి. వేళ్ల పని చివరికి ఉంచుకోండి.