యాభై టెరాబైట్ల నిల్వ: కొనాలా, కట్టుకోవాలా?

ప్రశ్న: పెళ్లిళ్ల ఫొటో, వీడియో స్టూడియో నడుపుతున్నాను. ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో విడివిడిగా ఉన్న సుమారు 50 టెరాబైట్ల ఫైళ్లను ముగ్గురు ఎడిటర్లూ నెట్‌వర్క్ మీద ఒకేచోట వాడుకునేలా చేయాలి. రెడీమేడ్ నాస్ పెట్టె (డిస్కులను నెట్‌వర్క్ మీద అందరికీ అందించే పరికరం) కొనడం దండగనీ, పాత కంప్యూటర్‌తో సగం ఖర్చులో తయారవుతుందనీ మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ విషయంలో అది నిజం కాదు. ఇంత నిల్వకు అయ్యే ఖర్చులో పెద్ద వాటా హార్డ్ డిస్కులదే. పెట్టె కొన్నా, కట్టుకున్నా వాటి ధర మారదు.

16 టెరాబైట్ల డిస్కులు ఆరు తీసుకుంటే మొత్తం 96 టెరాబైట్లవుతుంది. రెండు డిస్కులు ఒకేసారి పాడైనా ఫైళ్లు నిలిచే రెయిడ్-6 పద్ధతిలో రెండు డిస్కులంత స్థలం రక్షణకే పోయి, 64 మిగులుతుంది. కంప్యూటర్ వెయ్యికి బదులు 1,024 చొప్పున లెక్కిస్తుంది కాబట్టి దాన్నే 58గా చూపవచ్చు. రెయిడ్-5లో ఒక డిస్కు స్థలమే పోతుంది కాబట్టి చవకగా కనిపిస్తుంది. కానీ పాడైన డిస్కు స్థానంలో పెట్టిన కొత్తది నిండడానికి, సెకనుకు 200 మెగాబైట్ల వేగం నిలకడగా దొరికినా, 22 గంటలు పడుతుంది. ఆలోగా మరొకటి పోతే అన్నీ పోయినట్లే. జరిగిపోయిన పెళ్లిని మళ్లీ చిత్రీకరించలేం గనుక ఇక్కడ పొదుపు వద్దని గట్టిగా చెబుతాను.

సొంతంగా కట్టుకుంటే ఎంత మిగులుతుందో అమెరికాలోని ఆన్‌లైన్ బ్యాకప్ సంస్థ బ్యాక్‌బ్లేజ్ 2009లో లెక్కలతో సహా ప్రకటించింది. 1.5 టెరాబైట్ల డిస్కులు 45 అమర్చిన 67 టెరాబైట్ల పెట్టెకు భాగాల ఖర్చు 7,867 డాలర్లు కాగా, అందులో 5,400 డాలర్లు డిస్కులకే అయ్యాయి. వారి పోలికలో ఒక పెటాబైట్‌కు (వెయ్యి టెరాబైట్లు) సొంత పెట్టెలతో 1,17,000 డాలర్లయితే, పేరున్న కంపెనీల నుంచి కొంటే 8 లక్షలు మొదలుకొని 28 లక్షల డాలర్ల దాకా అయ్యేది. అంత తేడా రావడానికి కారణం, ఒక పెట్టె ఆగినా తట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను, దాన్ని చూసుకునే ఇంజనీర్లను వారు సొంతంగా సమకూర్చుకోవడమే. ఆ సంస్థే తరువాతి కాలంలో డెల్ సర్వర్లు కొనడం మొదలుపెట్టి, ఆ సంగతి 2022లో వివరించింది. తయారుచేసే శ్రమకు కూడా ఖరీదు కడితే లెక్క ఎలా మారుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఆరు డిస్కుల దగ్గర మీకు మిగిలేది పెట్టె ధరలో కొంత మాత్రమే. పాత కంప్యూటర్‌లో డిస్కులను తగిలించే సాటా పోర్టులు తరచుగా నాలుగే ఉంటాయి. అదనపు కార్డు, కొత్త పవర్ సప్లై కొనవలసి వస్తే అదీ తరిగిపోతుంది. మామూలు కంప్యూటర్‌ను నాస్‌గా మార్చే ట్రూనాస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చక్కగా పనిచేస్తుంది గాని, సీజన్‌లో అర్ధరాత్రి అది మొరాయిస్తే సరిచేయగలవారు మీ దగ్గర ఉండాలి. అలాంటివారు లేకపోతే ఎనిమిది అరల పెట్టె కొని ఆరు నింపండి. సీఎంఆర్ రకం (డేటా వరుసలు ఒకదాని మీద ఒకటి పడకుండా రాసే) డిస్కులే అడిగి తీసుకోండి.

60 వాట్ల యంత్రం ఏడాది పొడవునా నడిస్తే సుమారు 525 యూనిట్ల కరెంటు అవుతుంది. యూపీఎస్ తప్పనిసరి. గిగాబిట్ నెట్‌వర్క్ మీద 50 టెరాబైట్లు ఎక్కించడానికే ఐదు రోజులకు పైగా పడుతుంది కాబట్టి, ముగ్గురూ ఒకేసారి వీడియో ఎడిట్ చేయాలంటే 10 గిగాబిట్ స్విచ్చి, కార్డులు కూడా బడ్జెట్‌లో చేర్చండి.

పొరపాటున చెరిపిన ఫైలును రెయిడ్ తిరిగి తేలేదు. అందువల్ల ఫైళ్లన్నీ ఎక్కించాక పాత ఎక్స్‌టర్నల్ డిస్కులను అమ్మకుండా, రెండో ప్రతిగా స్టూడియోలో కాక ఇంట్లో భద్రపరచండి. కొత్త పెళ్లిళ్లకు మాత్రం ఏటా మరో డిస్కు కొంటే సరిపోతుందేమో చూసుకోండి.