ఆగస్టులో ఆగిపోయే డబ్బుతో బండి వాయిదాలా?

ప్రశ్న: నా వయసు 23. మాది గాజువాక. మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఆగస్టు నుంచి హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వరంగ సంస్థలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేస్తున్నాను. స్టైపెండ్ 12,000. హాస్టల్‌కు 6,000, బస్సు, ఫోను, పైఖర్చులకు 1,500 అవుతుంది. మొదటి రెండు నెలల స్టైపెండ్ ఆలస్యం కావడంతో హాస్టల్ అడ్వాన్సు కోసం ఒక యాప్‌లో 20,000 అప్పు తీసుకున్నాను. చేతికి వచ్చింది 17,600. నెలకు 5,600 చొప్పున నాలుగు వాయిదాలు, రెండు కట్టాను. విద్యారుణం 3.5 లక్షలు ఉంది, వచ్చే జూన్ నుంచి నెలకు 4,600 కట్టాలి. ఉదయం ఏడింటికి గేటు దగ్గర ఉండాలంటే నేరుగా బస్సు లేదు. అందుకే నెలకు 3,200 వాయిదాతో బండి కొందామనుకుంటున్నాను. దానితోపాటు 500తో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టవచ్చా? శిక్షణ తర్వాత పర్మనెంట్ చేస్తారని సీనియర్లు అంటున్నారు.

జవాబు: మీ లేఖలో లెక్కలన్నీ ఉన్నాయి, ఒక్క తేదీ తప్ప. మీ శిక్షణ ఏ రోజుతో ముగుస్తుందో రాయలేదు. ఆగస్టులో చేరారు, గ్రాడ్యుయేట్ అప్రెంటిస్ శిక్షణ ఏడాది. అంటే వచ్చే ఆగస్టులో గేటు పాసు తిరిగి ఇచ్చేయాలి. మీరు అడిగిన బండి వాయిదాలు అప్పటికి సగం కూడా తీరవు.

ఇలాంటి లేఖలు నాకు ఏటా వస్తాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. యూనిఫాం, సేఫ్టీ బూట్లు, మెడలో పెద్ద సంస్థ పేరున్న కార్డు, మధ్యాహ్నం క్యాంటీన్‌లో చవకగా భోజనం. ఇన్ని ఉన్నాక ఇది ఉద్యోగం కాదంటే ఎవరికి నమ్మబుద్ధవుతుంది? ఊళ్లో అమ్మానాన్నలు కూడా ‘మావాడికి ఫలానా కంపెనీలో ఉద్యోగం’ అనే చెప్పుకుంటారు. కానీ 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దృష్టిలో మీరు శిక్షణార్థి, కార్మికుడు కారు. స్టైపెండ్‌లో పీఎఫ్ కోత లేదు, కార్మికులకు వైద్యం అందించే ఈఎస్ఐ బీమా వర్తించదు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత సంస్థకు లేదు. సీనియర్ల మాట పక్కన పెట్టి, మీరు సంతకం చేసిన ఒప్పంద పత్రం ఈ రోజే తీసి చదవండి. ఇంకో చోట మళ్లీ అప్రెంటిస్‌గా చేరవచ్చనే ఆశ కూడా పెట్టుకోకండి. ఒకసారి శిక్షణ పూర్తిచేసినవారు అనర్హులని నోటిఫికేషన్లలోనే ఉంటుంది.

ఇక ఆ యాప్ అప్పు. చేతికి వచ్చింది 17,600, కట్టాల్సింది 22,400, అదీ నాలుగు నెలల్లో. లెక్క వేస్తే నెలకు నూటికి పది రూపాయల పైచిలుకు వడ్డీ. మీ ఊళ్లో ఎవరైనా పది రూపాయల వడ్డీ అడిగితే దండం పెట్టి వచ్చేసేవారు కదా! ఫోనులో అడిగితే ఇంజినీరింగ్ చదివినవారు కూడా కళ్లు మూసుకుని ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేస్తారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అప్పు ఇచ్చే ముందే ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చూపాలి. ఆ పేజీ చదివారా? పైగా మీకు నెలకు మిగిలేది 4,500, వాయిదా 5,600. ఆ తేడా 1,100 ఎక్కడి నుంచి వస్తోందో మీరు రాయలేదు. ఇంకో యాప్ నుంచి కాదని ఆశిస్తాను.

మిగిలిన రెండు వాయిదాలకు 11,200 కావాలి. నాన్నగారికి విషయం చెప్పి ఆ సొమ్ము ఇంటి నుంచి తెచ్చుకోండి. ముందే తీర్చేస్తే ఎంత తగ్గుతుందో కనుక్కుని, ఒకేసారి కట్టి, అప్పు తీరినట్టు పత్రం తీసుకుని, ఆ యాప్ తొలగించండి. ఇంట్లో చెప్పడానికి మొహమాటపడితే నెలకు పది రూపాయల వడ్డీ కడుతూనే ఉంటారు. యాప్ వాళ్లు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

అత్యవసర నిధి సంగతి ఇప్పుడు. నా పాఠకులకు ఈ మాట విని విని విసుగొచ్చి ఉంటుంది, అయినా చెబుతాను. హాస్టల్ అడ్వాన్సుకు సరిపడా డబ్బు ముందే చేతిలో ఉంటే మీరు ఆ యాప్ గడప తొక్కేవారే కాదు. స్టైపెండ్ ఒకసారి ఆలస్యమైంది, మళ్లీ కావచ్చు. అసలు చిక్కు జూన్‌లో మొదలవుతుంది. అప్పుడు విద్యారుణం వాయిదాలు మొదలవుతాయి, ఆ తర్వాత రెండు నెలలకే స్టైపెండ్ ఆగిపోతుంది. నవంబరు నుంచి జులై వరకు తొమ్మిది నెలలు, నెలకు 4,500 చొప్పున 40,500. అందులో ఇంటికి తిరిగి ఇవ్వాల్సిన 11,200, జూన్, జులై విద్యారుణం వాయిదాలు 9,200 పోతే మిగిలేది 20,100. ఆగస్టులో గాజువాక వెళ్లిపోతే హాస్టల్ ఖర్చు ఉండదు కాబట్టి, ఈ సొమ్ముతో నాలుగు వాయిదాలు కట్టి, ఇంటర్వ్యూలకు రైలు చార్జీలు కూడా చూసుకోవచ్చు. ఇదే మీ నిధి. బండి వాయిదా 3,200 ఇందులో పెట్టి చూడండి, పెట్రోలు లెక్కలోకి రాకముందే నిధి కరిగిపోతుంది. సంస్థకు దగ్గరగా హాస్టల్ వెతుక్కోండి, అదే అప్రెంటిస్‌లతో గది పంచుకుంటే ఇంకా మంచిది. ప్రతి నెలా స్టైపెండ్ పడిన రోజే 4,500 వేరే పొదుపు ఖాతాలోకి మార్చండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి.

సిప్ ఉద్యోగం వచ్చాక చూద్దాం.

బీమా గురించి మాత్రం వాయిదా వేయకండి. శిక్షణలో భాగంగా గాయమైతే పరిహారం సంస్థ బాధ్యతే. హాస్టల్‌లో డెంగీ జ్వరం వస్తే ఎవరిదీ కాదు. నాన్నగారికి ఆరోగ్య పాలసీ ఉంటే మీ పేరు అందులో కొనసాగుతోందో లేదో చూడండి. చాలా కుటుంబ పాలసీలు 25 ఏళ్ల వరకు పిల్లలను ఉంచుతాయి. ప్రమాద బీమాకు ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, జీవిత బీమాకు 436 రూపాయల జీవన్ జ్యోతి, రెండూ మీ బ్యాంకులోనే తీసుకోండి. ఒక్కోదానిలో రక్షణ 2 లక్షలు. పెళ్లికాని కుర్రాడికి జీవిత బీమా ఎందుకని అడుగుతారేమో, విద్యారుణం పత్రాలపై నాన్నగారి సంతకం కూడా ఉంటుంది కదా.

ఏప్రిల్‌లో ఒక రోజు సెలవు పెట్టి విద్యారుణం ఇచ్చిన శాఖకు వెళ్లండి. ఒప్పంద పత్రం నకలు చూపించి, వాయిదాల ప్రారంభాన్ని కొన్ని నెలలు వెనక్కి జరపగలరా అని లిఖితపూర్వకంగా అడగండి. ఒక్క వాయిదా కూడా తప్పకముందే అడిగితే మేనేజరు వినే అవకాశం ఎక్కువ.