మోకాళ్ల నొప్పికి గ్లూకోసమిన్ మాత్రలు వాడితే నడక మెరుగుపడుతుందా?

ప్రశ్న: మాది కర్నూలు. నా వయసు 62 ఏళ్లు, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 74 కిలోలు. పదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మేము శాకాహారులం. రెండేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పిగా ఉంటున్నాయి. ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందన్నారు. ఇదివరకు సి.క్యాంపు రైతుబజారుకు నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు సగం దారిలోనే ఎవరి అరుగు మీదో కూర్చోవలసి వస్తోంది. మా అబ్బాయి గ్లూకోసమిన్, కొండ్రాయిటిన్ కలిసిన మాత్రలు తెచ్చిచ్చాడు. రెండు నెలలుగా వేసుకుంటున్నాను. నొప్పి కాస్త తగ్గినట్టుంది గానీ నడక అలాగే ఉంది. ఇంకా ఎన్నాళ్లు వాడాలి? వీటికన్నా మంచి సప్లిమెంట్ ఏదైనా ఉందా?
- పాఠకురాలు, కర్నూలు

సమాధానం: అమ్మా, నొప్పి కాస్త తగ్గినా నడక మారలేదని మీరు విడదీసి రాయడం చాలా మంచిదైంది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఈ రెండింటినీ ఒకటిగానే చెబుతారు. నొప్పి తగ్గితే నడక దానంతటదే వస్తుందని అనుకుంటారు. కానీ రెండేళ్లుగా నొప్పికి భయపడి తక్కువ నడిచిన మనిషికి తొడ ముందు భాగంలోని పెద్ద కండరం సన్నబడి ఉంటుంది. మోకాలిని నిలబెట్టేదీ, మెట్టెక్కించేదీ, కూర్చున్న చోటి నుంచి లేపేదీ ఆ కండరమే కాబట్టి, అది బలహీనపడినంత కాలం నొప్పి తగ్గినా దారి సాగదు.

ముందు మీరు వాడుతున్న మాత్రల సంగతి చెబుతాను. గ్లూకోసమిన్, కొండ్రాయిటిన్ అనేవి మన కీళ్ల మృదులాస్థిలో, అంటే మీరు గుజ్జు అంటున్న దానిలో, సహజంగా ఉండే పదార్థాలు. వాటిని నోటి ద్వారా తీసుకుంటే అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందన్న ఆశతోనే వీటి వాడకం వ్యాపించింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ నిధులతో 1,583 మందిపై జరిగి 2006లో వెలువడిన పెద్ద పరీక్షలో, రోజుకు 1,500 మిల్లీగ్రాముల గ్లూకోసమిన్, 1,200 మిల్లీగ్రాముల కొండ్రాయిటిన్ కలిపి ఆరు నెలలు తీసుకున్నవారిలో సుమారు 67 శాతం మందికి నొప్పి చెప్పుకోదగినంత తగ్గింది. అయితే అదే కాలంలో మందేమీ లేని ఉత్తి మాత్రలు వేసుకున్నవారిలోనూ 60 శాతం మందికి అంతే తగ్గింది. ఆ కొద్ది తేడా మాత్రల వల్లే వచ్చిందని చెప్పడానికి చాలదు. నొప్పి తీవ్రంగా ఉన్న ఒక చిన్న వర్గంలో మేలు ఎక్కువగా కనిపించినా, ఆ ఒక్క ఫలితం మీద ఆధారపడి అందరికీ రాసివ్వలేము. మోకాలి అరుగుదలకు ఈ రెండింటినీ వాడవద్దని అమెరికా కీళ్లవ్యాధి నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో గట్టిగానే చెప్పింది.

నడక గురించే ప్రత్యేకంగా చూసిన పరీక్షలు తక్కువ. జపాన్‌లో గ్లూకోసమిన్‌కు మరికొన్ని పదార్థాలు చేర్చిన మాత్రలను 16 వారాలు వాడినవారిలో మామూలు నడక వేగం కొంత పెరిగినట్టు 2015లో ఒక నివేదిక వచ్చింది. అది వందమందికే పరిమితమైన పరీక్ష. పైగా మాత్రలు తయారుచేసే సంస్థకు చెందినవారే అందులో పాల్గొన్నారు. అందుకే దాన్ని ఆసక్తితో చదవవచ్చు గానీ, నెలనెలా మీ చేత డబ్బు ఖర్చు పెట్టించడానికి అది సరిపోతుందని నేను అనుకోను.

ఇక మంచి సప్లిమెంట్ ఏదని అడిగారు. ఒంట్లో లోటు ఉన్నదాన్ని భర్తీ చేసేదే మంచి సప్లిమెంట్. మీ విషయంలో నాకు మొదట గుర్తుకొచ్చేది విటమిన్ బి12. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి పేగులు ఈ విటమిన్‌ను సరిగా గ్రహించవు. మాంసం, చేపలు, గుడ్లు తినని ఇళ్లలో పాలు, పెరుగు ద్వారా అందే కొద్దిపాటి బి12 మీదే ఆధారపడాలి. ఈ రెండు కారణాలూ మీలో కలిశాయి. బి12 బాగా తగ్గితే నరాలు దెబ్బతిని అరికాళ్లు తిమ్మిరెక్కడం, దూది మీద అడుగేసినట్టు ఉండటం, చీకట్లో నడిస్తే తూలడం వంటివి మొదలవుతాయి. షుగరు వల్ల కూడా ఇవే లక్షణాలు వస్తాయి కనుక తేడా తెలియాలంటే రక్తపరీక్ష చేయించవలసిందే. మోకాలే కారణమనుకుని ఏడాది పాటు కీళ్ల మాత్రలు మింగి, చివరికి నరాల బలహీనత బయటపడినవారిని నేను చూశాను. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. అందుకే ఈ పరీక్షను వాయిదా వేయవద్దని మిమ్మల్ని కోరుతున్నాను.

రెండోది విటమిన్ డి. మన రాయలసీమ ఎండలకు అది తగ్గడమేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, ఎండ మండుతుందనే కదా మనం రోజంతా నీడపట్టునే ఉంటాం. ఇది బాగా తగ్గితే తొడలు, తుంటి కండరాలు బలహీనపడి, నేల మీద కూర్చుంటే చేయి ఊని లేవవలసి వస్తుంది. లోటు ఉన్నప్పుడు సరిచేస్తే ఆ బలహీనత తగ్గుతుంది. కానీ విటమిన్ డి గుజ్జును కాపాడదు. అమెరికాలో 146 మంది మోకాలి నొప్పి రోగులకు రెండేళ్లు ఇచ్చి చూసినా నొప్పిలో గానీ గుజ్జు అరుగుదలలో గానీ తేడా కనిపించలేదని 2013లో తేలింది. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల మాత్రలను పరీక్ష లేకుండా నెలల తరబడి వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

నడకను తిరిగి తెచ్చే పని చాలావరకు వ్యాయామానిది, బరువు తగ్గడానిది. బరువు ఎక్కువగా ఉండి మోకాళ్ల నొప్పితో బాధపడుతున్న 316 మంది పెద్దవారిని 18 నెలలు గమనించి 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఆహార నియమం, వ్యాయామం రెండూ కలిపి పాటించినవారు ఆరు నిమిషాల్లో నడిచే దూరం పెరిగింది, మెట్లెక్కడం సులువైంది, నొప్పీ తగ్గింది. ఒక కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని మరో అధ్యయనం లెక్కగట్టింది. ఆ లెక్కన మీరు నాలుగు కిలోలు తగ్గినా మోకాలికి ఎంత ఊరటో ఆలోచించండి. రాత్రి అన్నం సగానికి తగ్గించి ఆ స్థానంలో పప్పు, కూర పెంచండి. రాగి సంగటి గానీ కొర్రన్నం గానీ తింటే అన్నానికి బదులుగా తినండి, అన్నంతో పాటు కాదు. కండరం పెరగాలంటే మాంసకృత్తులు కావాలి కాబట్టి పెసలు, ఉలవలు, శనగలు, పెరుగు రోజూ ఏదో ఒక పూట ఉండేలా చూసుకోండి. మూత్రపిండాల పనితీరు బాగుందని పరీక్షలో తేలాకే వీటిని పెంచాలి.

వ్యాయామం మంచం మీదే మొదలుపెట్టవచ్చు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ బిగించి దాన్ని కిందికి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టే దాకా ఉంచి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలా చేయండి. వారం తర్వాత వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలిని వంచకుండా ఒక అడుగు ఎత్తు లేపడం కలపండి. ఆ తర్వాత గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టండి. నడకను రైతుబజారు దాకా ఒకేసారి సాగదీయవద్దు. ఉదయం ఎనిమిది నిమిషాలు, సాయంత్రం ఎనిమిది నిమిషాలతో ప్రారంభించి, వారానికి రెండు నిమిషాల చొప్పున పెంచండి. చేసేటప్పుడు కొంచెం నొప్పి రావడం సహజమే. మర్నాటి ఉదయానికి కూడా తగ్గకపోతే మాత్రం ముందు రోజు మోతాదు ఎక్కువైందని అర్థం. చేతికర్ర వాడటానికి సిగ్గుపడవద్దు. ఎక్కువ నొప్పి ఉన్న మోకాలికి అవతలి వైపు చేతిలో, అంటే కుడి మోకాలైతే ఎడమ చేతిలో, పట్టుకుంటేనే అది భారాన్ని మోస్తుంది.

మరో హెచ్చరిక కూడా చేయాలి. పేరూ వివరాలూ లేని పొట్లాల్లో అమ్మే కీళ్ల నొప్పుల పొడులు తీసుకోకండి. రెండు రోజుల్లో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానించాలి. అది మీ షుగరును ఒక్కసారిగా పెంచేస్తుంది. మీ ఇంట్లో బోరు నీళ్లు తాగుతుంటే ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో కొన్నిచోట్ల అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటుతుంది. ఏళ్ల తరబడి అటువంటి నీళ్లు తాగినవారిలో కీళ్లు, వెన్ను బిగుసుకుపోయి అరుగుదలలాగే కనిపించవచ్చు.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న మాత్రలు పూర్తి చేయాలనుకుంటే నాకు గట్టి అభ్యంతరం లేదు. కాకపోతే రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే వెంటనే ఆపండి, షుగరును కూడా మామూలు కన్నా తరచుగా చూసుకోండి. గ్లూకోసమిన్‌ను ఎక్కువగా రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు కాబట్టి శాకాహారులైన మీరు లేబుల్ చదివి నిర్ణయించుకోవాలి. అదే లేబుల్ మీద ఔషధంగా వాడేందుకు కాదని కూడా రాసి ఉంటుంది. ఈ రోజే కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో ఇంట్లో ఎవరినైనా లెక్కపెట్టమని చెప్పి క్యాలెండరు మీద రాయండి. మీ వయసు స్త్రీలకు 12 కన్నా తక్కువ వస్తే కాళ్ల బలం తగ్గినట్టే. నెలనెలా అదే లెక్క తీసుకోండి. మోకాలు వేడెక్కి వాచినా, జ్వరం వచ్చినా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, నడిస్తే పిక్కల్లో నొప్పి వచ్చి నిలబడగానే పోతున్నా ఆ నెలాఖరు దాకా ఆగకుండా ఎముకల డాక్టరును కలవండి.