పావనికి, మంట రంగు చూడటం గురించి

పావనీ,

ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయని, ఏ సాల్ట్ ఇచ్చినా నీకు మంట పసుపుగానే కనిపిస్తోందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ పడకు. నీ కళ్లు బాగానే ఉన్నాయి, ఆ పసుపు సోడియంది. దాన్ని పక్కకు తప్పించడం వస్తే ఫ్లేమ్ టెస్ట్, అంటే సాల్ట్‌ని మంటలో పెట్టి రంగుని బట్టి అందులోని లోహాన్ని గుర్తించే పరీక్ష, సగం వచ్చేసినట్టే, అందుకే ముందు దాని సంగతే చెప్తాను.

సోడియం ఎంత కొంచెం ఉన్నా మంటంతా తనదే చేసుకుంటుంది. పప్పుచారు పొంగి స్టవ్ మీద పడితే నీలం మంట ఒక్కసారిగా పసుపు అవుతుంది చూడు, అది అందులోని ఉప్పే. సాల్ట్‌ని మంటలో పెట్టే ప్లాటినం తీగ కొసను వేలితో ముట్టుకున్నా చాలు, చెమటలో ఉప్పు అంటుకుపోతుంది. పైగా మనది వైజాగ్, మీ కాలేజీ బీచ్ రోడ్డుకి అంత దగ్గర, కిటికీ గ్రిల్స్‌ని తుప్పు పట్టించే గాలి ల్యాబ్‌లోకి కూడా వస్తుంది కదా. అందుకని సముద్రం వైపు కిటికీ వేయించు, ఫ్యాన్ ఆపమను, శుభ్రం చేసిన తీగను బల్ల మీద పెట్టకు.

తీగ శుభ్రం చేయడంలో తొందరపడేవాళ్లే ఎక్కువ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ముంచి, బర్నర్ గాలి రంధ్రం పూర్తిగా తెరిచిన నీలం మంటలో కాల్చు, మళ్లీ ముంచు, మళ్లీ కాల్చు. తీగ ఎర్రగా మెరుస్తుంది, అది వేడికి వచ్చే మెరుపు, దాన్ని లెక్కలోకి తీసుకోకు. చుట్టూ మంటలో ఏ రంగూ కనిపించనంతవరకు ఆపకు. ఆసిడ్‌ని రెండు వాచ్ గ్లాసుల్లో, అంటే చిన్న గాజు పళ్లేల్లో, విడివిడిగా తీసుకో, ఒకటి తీగ కడగడానికి, రెండోది సాల్ట్‌ని తడిపి పేస్ట్ చేయడానికి. రెండింటికీ ఒకటే వాడితే నువ్వు కడిగిన మురికే మళ్లీ మంటలోకి వస్తుంది. ఈ ఆసిడ్ ఎందుకంటే, ఇది సాల్ట్‌ని క్లోరైడ్‌గా మారుస్తుంది, క్లోరైడ్లు తేలిగ్గా ఆవిరవుతాయి, ఆవిరైతేనే రంగు బాగా వస్తుంది.

ఇక చూడటం. తీగను మంట అడుగు భాగంలో, బయటి అంచుకి తాకించి, కన్ను ఆర్పకుండా చూడు. అన్ని రంగులూ ఒకేసారి రావు. కాల్షియం బ్రిక్ రెడ్ ఇలా మెరిసి అలా పోతుంది, అప్పుడు రికార్డు వైపు చూస్తూ ఉంటే నీకు మిగిలేది సోడియం పసుపే. స్ట్రాన్షియంది క్రిమ్సన్, కాల్షియం కంటే చిక్కటి ఎరుపు, ఇంకాస్త నిలుస్తుంది. బేరియం యాపిల్ గ్రీన్ మాత్రం ఆలస్యంగా వస్తుంది, కాసేపు కాల్చాలి, ఓపిక లేనివాళ్లు ‘రంగు లేదు’ అని రాసేస్తారు. కాపర్‌ది మధ్యలో నీలంతో ఉన్న ఆకుపచ్చ, అది ఎవరికైనా తెలిసిపోతుంది. పొటాషియం లేత ఊదా రంగుని సోడియం పూర్తిగా మింగేస్తుంది, దానికోసమే కోబాల్ట్ బ్లూ గ్లాసు. ఆ గాజు పసుపుని ఆపేస్తుంది, ఊదాని వదులుతుంది. అదే గాజులోంచి కాల్షియం కాస్త ఆకుపచ్చగా, స్ట్రాన్షియం పర్పుల్‌గా, బేరియం నీలం కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తాయి. కాబట్టి ఎరుపులో సందేహం వస్తే వెంటనే గాజు పెట్టి చూడు.

పుస్తకంలో టేబుల్ బట్టీ పట్టి ఈ రంగులు గుర్తుపట్టలేవమ్మా. క్రిమ్సన్ అన్న మాట చదివితే కంటికి ఏం తెలుస్తుంది? మీ మేడమ్‌ని అడిగి, పేరు రాసి ఉన్న కాల్షియం, స్ట్రాన్షియం సీసాల నుంచి కొంచెం కొంచెం తీసుకుని వెంటవెంటనే పక్కపక్కన చూడు. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో ఇలా చూసినవాళ్లు పరీక్షలో తడబడటం చాలా తక్కువ.

అసలు పసుపు కనబడగానే సోడియం అనేయడం పెద్ద పెద్దవాళ్లకీ జరిగింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి, వెలుగుని రంగుల గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌తో చూశాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున లేచే జ్వాలల్లో ఒక పసుపు గీత కనపడింది, చూసినవాళ్లు దాన్ని సోడియం గీతగా అనుకున్నారు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా దాన్ని చూసి, అది సోడియం చోటులో లేదని గమనించాడు. సోడియం జంట గీతల తరంగదైర్ఘ్యాలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, ఇది 587.6 దగ్గర. అదే హీలియం, భూమ్మీద దాన్ని రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త 1895లో పట్టుకున్నాడు. ఈ గీతల విద్యతోనే అంతకుముందు 1860, 1861లో బున్సెన్, కిర్కాఫ్ సీసియం, రుబీడియం కనిపెట్టారు. నువ్వు రోజూ వెలిగించే బర్నర్‌కి ఉన్నది ఆ బున్సెన్ పేరే.

జాగ్రత్తలు కూడా విను. లెడ్ సాల్ట్ అని అనుమానం ఉంటే ప్లాటినం తీగ వాడకు, లెడ్ దానితో కలిసి తీగని పాడుచేస్తుంది, ముందు మిగతా ప్రాథమిక పరీక్షలు చేసుకో. బేరియం సాల్ట్‌లు విషం, చేయి కడుక్కోకుండా నోటి దగ్గరకి తీసుకెళ్లకు. చున్నీ పిన్ను పెట్టుకో, జడ వెనక్కి వేసుకో. యూట్యూబ్‌లో స్పిరిట్ పోసి రంగు మంటలు చూపిస్తారు, ఆ పని ఇంట్లోనూ వద్దు, ల్యాబ్‌లోనూ వద్దు. సీసాలోంచి మంట ఎగసి పిల్లలు కాలిపోయిన సంఘటనలు ఉన్నాయి, ఈ మాట మాత్రం నాకోసం గుర్తుపెట్టుకో.

రికార్డులో చూసింది చూసినట్టే రాయి. మెగ్నీషియం, జింక్, అల్యూమినియం ఏ ప్రత్యేకమైన రంగూ ఇవ్వవు, అప్పుడు ‘ప్రత్యేకమైన రంగు లేదు’ అని రాస్తే అదీ సరైన పరిశీలనే, మార్కులు ఎక్కడికీ పోవు. రంగు వచ్చినా నిర్ధారణ పరీక్ష మానకు, యాపిల్ గ్రీన్ చూశాక పొటాషియం క్రోమేట్‌తో పసుపు అవక్షేపం వస్తేనే బేరియం అని రాయి.

ఆదివారం వీలైతే ఇంటికి రా, పాత సీడీ ముక్కతో స్పెక్ట్రోస్కోప్ చేయడం నేర్పిస్తాను, వచ్చేటప్పుడు ఒక ఖాళీ అగ్గిపెట్టె తెచ్చుకో.

మీ పెద్దమ్మ