మ్యూజియంలో పాలరాతి విగ్రహాన్ని దొంగతనంగా షూట్ చేసే ఫిల్మ్ స్కూల్ అమ్మాయి, ఆ పాత సినిమా పేరేంటి? షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ళకి పనికొస్తుందా?

అది 'మ్యాన్ ఆఫ్ మార్బుల్' అన్నా. పోలండ్ సినిమా, 1977, డైరెక్టర్ ఆంద్రే వైదా. జీన్స్ వేసుకున్న పొడుగాటి అమ్మాయి, సిగరెట్ మీద సిగరెట్, మ్యూజియం కింద తాళమేసిన గదిలోకి దూరి కిందపడేసిన విగ్రహం మీదికెక్కి కెమెరా చేత్తో పట్టుకుని తీస్తుంది అని మీరు రాసిందంతా కరెక్టే. ఒక్కటి మాత్రం కాదు, చివర్లో ఆమె సినిమాకు ప్రైజ్ వస్తుందన్నారు చూడండి, ప్రైజ్ సంగతి దేవుడెరుగు, ఆమె సినిమా పూర్తే కాదు. 1978లో కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్లో క్రిటిక్స్ ప్రైజ్ వచ్చింది వైదా సినిమాకి, బహుశా ఆ రెండూ మీకు కలిసిపోయి ఉంటాయి.

ఆ అమ్మాయి పేరు అగ్నియెష్కా, వేసినామె క్రిస్టినా యాండా, సినిమాల్లో ఆమెకు అదే మొదటి పెద్ద రోల్. ఫిల్మ్ స్కూల్ డిప్లొమా కోసం టీవీవాళ్ళకు ఒక డాక్యుమెంటరీ తీయాల, ఏదో ఒకటి తీసి ఇచ్చేస్తే పాసైపోతుంది, కానీ ఈమె పోయి పోయి 1950ల సంగతి పట్టుకుంటుంది. అప్పట్లో బిర్కుత్ అని ఒక తాపీ మేస్త్రీ, నోవా హుతా అనే స్టీల్ టౌన్ కట్టేటప్పుడు ఒకే షిఫ్టులో 30 వేలకు పైగా ఇటుకలు పేర్చినాడని ప్రభుత్వం హీరోని చేసి విగ్రహం కూడా చెక్కిస్తుంది, తర్వాత ఉన్నట్టుండి ఆయన ఊసే ఉండదు. యాడికి పోయినాడు, ఏమైనాడు అని ఈమె వెతుకుతుంది. 'సిటిజన్ కేన్' అనే పాత అమెరికా సినిమా లాగా ఒక్కొక్కరి దగ్గరికి పోయి అడగడం, వాళ్ళు చెప్పే కొద్దీ పాత కథ బయటికి రావడం, ఆ పద్ధతి.

 

ఇంక మీ రెండో ప్రశ్న. ప్రొద్దుటూరులో ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్స్ తీసుకునే నాకు ఇట్లాంటి సినిమా ఏం పనికొస్తుంది, కెమెరా యాంగిల్స్ ఏమన్నా నేర్చుకోవచ్చా అన్నారు. యాంగిల్స్ కోసమైతే చూడొద్దు. వైడ్ లెన్సు, చేతి కెమెరా అవన్నీ ఉన్నాయి, కానీ మీ ఫోన్లో అంతకంటే వైడ్ ఉంటుంది. నాకు పనికొచ్చింది వేరే, అది చెప్తా.

సినిమా మొదట్లోనే అగ్నియెష్కా ఏం చేస్తుందంటే కెమెరా పట్టుకుని పరిగెత్తకముందు ప్రొజెక్షన్ రూములో కూర్చుని పాత రీళ్ళు వేయించుకుంటుంది. బిర్కుత్ మీద అప్పట్లో రిలీజ్ చేసిన ప్రచార సినిమా ఒకటి, దాంతోపాటు జనాలకు చూపించకుండా పక్కన పడేసిన ముక్కలు. రిలీజ్ చేసిన దాంట్లో బ్యాండు మేళం, నవ్వు మొహాలు. తర్వాత ఆ ప్రచార సినిమా తీసిన బుర్‌స్కీ అనే డైరెక్టర్‌నే పట్టుకుంటుంది, ఆయన ఇప్పుడు పెద్ద పేరున్న మనిషి, ఆయనే చెప్తాడు ఆ ఇటుకల రికార్డు మొత్తం ఎట్లా ఏర్పాటు చేసినారో. ఆ దొంగ ప్రచార సినిమా టైటిల్స్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ అని వైదా తన పేరే వేసుకున్నాడు, చూడండి గమనించండి. ఆయన కూడా ఆ కాలంలోనే ఫిల్మ్ స్కూల్లో చదువుకుని వచ్చినోడే మరి. నిజమైన పాత న్యూస్‌రీళ్ళు, ఈయన కొత్తగా బ్లాక్ అండ్ వైట్‌లో తీసినవి కలిపేసినాడు, ఏది ఏదో చెప్పడం నా వల్లయితే కాలేదు.

నేను ఈ సినిమా చూసింది పీజీ చేసేటప్పుడు, అనంతపురంలో రూమ్‌మేట్ లాప్‌టాప్‌లో. అప్పుడు మాకు కూడా కోర్సులో ఒక డాక్యుమెంటరీ చేయాల, నాది ఎర్రగుంట్ల దగ్గర ఊరు, మావైపు బండల పని తప్ప ఏముంది, అందుకని బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక పెద్దాయన మీద అనుకున్నా. పోతానే కెమెరా పెట్టి "పెద్దాయనా, మీ కష్టాలు చెప్పండి" అంటే ఆయన "కష్టమేముంది నాయనా, అందరూ బాగా చూసుకున్నారు" అన్నాడు, ఆ మాట దాటి ముందుకు పోలేదు. రాతి దుమ్ముకు దగ్గుతానే ఉన్నాడు, బాగా చూసుకున్నారనే అంటాడు.

సినిమాలో ప్రొజెక్షన్ రూమ్ సీన్ చూసినాక నాకు తట్టింది, ఆ ఫ్యాక్టరీ ఓపెనింగ్ రోజు వీడియో తీసినారని ఊర్లో అనుకోవడం విన్నా కదా అని. పెండ్లిళ్ళకు తీసే వీడియో ఆయన్నే ఆ పొద్దు పిలిపించినారంట. ఆయన్ని పట్టుకుంటే అటక మీద నుంచి క్యాసెట్లు దించినాడు, ఎడిటింగ్ చేసి ఓనర్‌కు ఇచ్చింది ఒకటి, ఏమీ కట్ చేయకుండా అట్లే ఉన్నది ఇంకొకటి. రెండోదే చూసినా. దాంట్లో మన పెద్దాయన అప్పుడు వయసు కుర్రోడు, ఒకే బండని లేపి మిషన్ మీద పెట్టడం, మళ్ళీ దింపడం, మళ్ళీ లేపడం, పక్కనుంచి ఎవరో "ఇంకోసారి, కెమెరా కల్లా చూడొద్దు" అని అరవడం. ఎడిటింగ్ చేసిన దాంట్లో పూలదండలు, రిబ్బన్ కటింగు, ఈయన ఒక్క క్షణం, అంతే.

ఆ క్యాసెట్‌ను సీడీలోకి ఎక్కించుకుని పోయి పెద్దాయన ఇంట్లో టీవీలో పెట్టినా. కొంచేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మొదట అన్న మాట "ఆ చొక్కా నాది కాదు". గుమాస్తాదంట. పని చొక్కా దుమ్ము కొట్టుకుని ఉంది బాగుండదని విప్పించి ఆయనది వేయించి, షూటింగ్ అయిపోతానే తీసుకున్నారంట. అక్కడి నుంచి ఇంక ఆపలేదు మనిషి, కూలీ ఎట్లా లెక్క కట్టేవాళ్ళు, బండ జారి ఎవరి కాలు పోయింది, ఆస్పత్రి ఖర్చులకు ఎవరిచ్చినారు ఎవరియ్యలేదు, వాళ్ళావిడ వంటింట్లోనుంచి "అది కూడా చెప్పు, ఇది కూడా చెప్పు" అని అందిస్తా ఉంది. కాబట్టి మీరు ఏ మనిషి మీదైనా తీయాలనుకుంటే ఇంటర్వ్యూ ప్రశ్నలు రాసుకునే ముందు ఆ మనిషిని అంతకుముందు ఎవరు తీసినారు, ఎందుకు తీసినారు, దాంట్లో ఏం పారేసినారు అది వెతకండి. పెండ్లి వీడియోలు, ఫ్యాక్టరీ ఓపెనింగులు, ఎలక్షన్ ప్రచారం క్యాసెట్లు, మన ఊర్లలో వీడియో తీసేవాళ్ళ అటకల మీద చాలా ఉన్నాయి, ఫంగస్ పట్టిపోతున్నాయి, తొందరగా.

ఇది మాత్రం నాకు అగ్నియెష్కా నచ్చి చెప్తున్నది కాదు. ఆమె నాకు పెద్దగా నచ్చలేదు, నిజం చెప్పాలంటే. కెమెరామన్ వయసులో పెద్దాయన, ఆయన మీద దబాయింపు, ఎవరింటికి పోయినా దూసుకుపోవడం, బిర్కుత్ పాత భార్య జాకోపానే అనే కొండ ఊర్లో తాగి బతుకుతుంటే ఆమె దగ్గర కూడా తనకు కావాల్సింది లాక్కోవడం. ఫిల్మ్ స్కూల్ నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఇట్లే ఉంటారు, వాళ్ళకు మనిషి కాదు మెటీరియల్ కనపడుతుంది. వైదా దాన్ని దాచలేదు, అది ఆ సినిమా గొప్పతనం అంటా నేను. మెటీరియల్ మీద ఆమెకు ఆ ఆశే లేకపోతే ఆ తాళమేసిన గది తెరుచుకునేది కాదు, అది కూడా నిజమే.

తర్వాత టీవీ ఆఫీసర్ ఆమె కెమెరా, రీళ్ళు లాగేసుకుంటాడు, బిర్కుత్ దొరకలేదు కాబట్టి నీ సినిమాకు ముగింపు లేదు పో అంటాడు. ఆమె రైల్వేలో పనిచేసే వాళ్ళ నాన్న ఇంటికి పోయి ఉంటుంది. ఆయన చెప్పిన మీదటే కెమెరా లేకుండా గదాన్‌స్క్ అనే ఊర్లో ఓడల ఫ్యాక్టరీకి పోయి బిర్కుత్ కొడుకును పట్టుకుంటుంది, నాన్న చనిపోయినాడని అతను చెప్తాడు. నాకు ఇక్కడే సినిమా మొత్తంలో బాగా నచ్చింది, ఎందుకంటే అప్పటికి ఆమెకు మార్కులూ లేవు, సినిమా వచ్చే దారీ లేదు, అయినా పోయింది.

స్మశానం దగ్గరి సీన్ ఒకటి సెన్సార్ వాళ్ళు తీసేయించినారు. 1970లో గదాన్‌స్క్‌లో సమ్మె చేసిన కార్మికుల మీద కాల్పులు జరిగినాయి, ఆ సంగతి గుర్తొస్తుందని. అసలు స్క్రిప్టే 1960ల మొదట్లో రాస్తే తీయడానికి పర్మిషన్ వచ్చేసరికి పదేళ్ళ పైన పట్టింది. ఆ వదిలేసిన కథే 1981లో 'మ్యాన్ ఆఫ్ ఐరన్'లో ముందుకు తీసుకుపోయినాడు, కేన్స్‌లో అన్నిటికంటే పెద్ద ప్రైజ్ పామ్ డోర్ వచ్చింది దానికి. దాంట్లో అగ్నియెష్కా మళ్ళీ వస్తుంది, ఈసారి కెమెరా పట్టుకుని కాదు, పోలీసు కస్టడీలో. ఒక రేడియో రిపోర్టర్ వచ్చి ఆమెను ప్రశ్నలు అడుగుతాడు, ఇంతకుముందు ఈమె అందర్నీ అడిగినట్టు.

చూసేటప్పుడు ముందు 'మార్బుల్' చూసి తర్వాతే 'ఐరన్' చూడండి, తిరగేస్తే సస్పెన్స్ పోతుంది. మొదటిది దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు, మధ్యలో బిర్కుత్ స్నేహితుడి కేసు భాగం కొంచెం సాగుతుంది, ఓపిక పట్టండి. సబ్‌టైటిల్స్ సరిగా ఉన్న ప్రింటే చూడండి, డైలాగులు ఎక్కువ, అవి తేడా వస్తే ఎవరు ఎవరి మీద చెప్తున్నారో అర్థం కాదు. మీరు పాత క్యాసెట్లు వెతికేటట్టుంటే ప్రొద్దుటూరులో వీసీఆర్ (క్యాసెట్ వేసే మిషన్) ఇంకా పనిచేస్తున్న స్టూడియో ఉందేమో ముందు కనుక్కోండి, మాకు టేపుల కంటే అది దొరకడమే కష్టమైంది.